జూలోనూ, మ్యూజియంలోనూ ఉష్ణమండల పక్షుల రంగులు ఫొటోలో ఉన్నవి ఉన్నట్టు రావాలంటే ఏం చేయాలి?

ప్రశ్న – చిలకపచ్చ

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా జూల్లోని పక్షిశాలల్లోనూ, ప్రకృతి చరిత్ర మ్యూజియంలలోనూ ఉష్ణమండలపు అరుదైన పక్షులను ఫొటోలు తీస్తున్నాను. నేను వాడేది 100–400 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు. అక్కడ నిలబడి చూసినప్పుడు మైమరపించిన రంగు, ఇంటికి వచ్చి తెర మీద చూసుకునేసరికి కనిపించకపోవడమే నా బాధ.

నీటి అంచున ఎండలో నిలబడిన స్కార్లెట్ ఐబిస్‌ను తీస్తే, ఈకకూ ఈకకూ మధ్య గీత కూడా తెలియకుండా, ఎర్ర కాగితాన్ని కొంగ ఆకారంలో కత్తిరించి అతికించినట్టు వచ్చింది. తీగ వలకు అవతల కూర్చున్న విక్టోరియా క్రౌన్డ్ పావురం ఫొటో మొత్తానికీ పాలు కలిపినట్టు తెల్లని పొర కమ్మింది. తల మీద విసనకర్రలా విచ్చుకున్న ఈకల తెల్లని కొసలు, ఎర్రని కన్ను రెండూ ఆ పొరలో కలిసిపోయాయి. ఇక మ్యూజియంలో అద్దం వెనుక ఉన్న రూబీ టోపాజ్ హమ్మింగ్ బర్డ్ నమూనా గొంతు బంగారు వన్నెలో మెరుస్తుందని పక్కనున్న ఫలకం చెబుతుంటే, నా ఫొటోలో అది మసి పట్టిన గోధుమరంగులో ఉంది. లోపం నాదా, కెమెరాదా, లేక నమూనాయే వెలిసిపోయిందా? రెండు చోట్లా ఫ్లాష్‌కూ, ట్రైపాడ్‌కూ అనుమతి లేదు. ఇలాంటి ఫొటోల కింద వివరం ఎలా రాయాలో కూడా చెప్పగలరు.

జవాబు – వలకవతల

చిలకపచ్చ గారూ, పావురం సంగతి నేను చెబుతాను. ఆ తెల్లని పొరకు కారణం పొగమంచు కాదు, లెన్సు లోపమూ కాదు; మీకూ పక్షికీ మధ్యనున్న తీగల మీద ఎండ పడుతోంది. ఫోకస్‌లో లేని తీగ గీతగా కనిపించడం మానేస్తుంది గానీ, దాని మీద పడిన వెలుగు ఎక్కడికీ పోదు, ఫొటో అంతటా పరుచుకుంటుంది. అందుకని ముందుగా వల చుట్టూ నడిచి, ఏ చెట్టు నీడో, స్తంభం నీడో తీగల మీద పడిన చోటు వెతుక్కోండి. అలాంటి చోటు దొరకకపోతే, వెంట ఉన్నవారిని టోపీతోనో గొడుగుతోనో లెన్సు ముందున్న జానెడు వలకు నీడ పట్టమనండి. ఆ ఒక్క పనితో పొర చాలా మట్టుకు విడిపోవడం వ్యూఫైండర్‌లోనే చూడవచ్చు. నల్లరంగు వేసిన వల దీనికి అన్నిటికంటే అనుకూలం, కొత్తగా మెరిసే జింకు పూత వల అన్నిటికంటే కష్టం.

తీగ కనబడకుండా పోవాలంటే మూడు విషయాలు ఒక్కచోట కలవాలి. లెన్సు వలకు దగ్గరగా ఉండాలి, పక్షి వలకు దూరంగా ఉండాలి, అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) బాగా తెరిచి ఉండాలి. మీ లెన్సును 400 దగ్గర పెట్టి, అది ఇచ్చే అతి పెద్ద అపర్చర్‌తో తీయండి. చిక్కంతా రెండో షరతుతోనే, ఎందుకంటే పక్షి మన మాట వినదు. అయితే పక్షిశాలలో ప్రతి పక్షికీ ఇష్టమైన కొమ్మ ఒకటి ఉంటుంది, ఎగిరి వెళ్లినా మళ్లీ దాని మీదకే వస్తుంది. వలకు మూడు నాలుగు మీటర్ల దూరంలో అలాంటి కొమ్మను గుర్తుపట్టి, దాని మీద ఫోకస్ నిలిపి, అరగంట కదలకుండా ఉండగలిగితే చాలు. కెమెరా మాటిమాటికీ తీగను పట్టుకుంటుంటే లెన్సు మీదున్న ఫోకస్ హద్దు మీటను దూరానికి మార్చండి.

వెనుక వైపు వలను చాలామంది మరచిపోతారు. పక్షి వెనుక ఎండ పడిన వల ఉంటే, ఎంత మసకబారినా గళ్లు గళ్లుగా తేలి కంటిని లాగుతుంది. ఒక అడుగు పక్కకు జరిగి, పక్షి వెనుకకు ఆకులు వచ్చేలా చూసుకోండి. హార్న్‌బిల్ వంటి పక్షితో మరో ఇబ్బంది ఉంది: ముక్కు కొస నుంచి కన్ను దాకా స్పష్టంగా రావాలంటే అపర్చర్ మూయాలి, మూస్తే తీగ కనబడుతుంది. నేనైతే పక్షి పూర్తిగా పక్కకు తిరిగి, ముక్కూ కన్నూ ఒకే దూరంలో ఉన్న క్షణం కోసం ఆగుతాను.

సందర్శకులు దాటకూడదని కట్టిన కంచెను మాత్రం ఏ ఫొటో కోసమూ దాటవద్దు. గట్టి గింజలను చిట్లగొట్టే మకావ్ చిలుక ముక్కుకు వేలు ఒక లెక్కలోది కాదు.

జవాబు – ఈకపోచ

ఐబిస్ విషయంలో జరిగింది ఇది. ఆ పక్షి దాదాపు ఒకే రంగు కావడం వల్ల ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వన్నెల్లో ఎరుపు ఒక్కటే హద్దు దాటిపోతుంది, మిగతా రెండూ అడుగున ఉంటాయి. వెలుగును కొలిచే కెమెరా మీటరు మూడింటినీ కలిపి చూసి అంతా బాగానే ఉందని చెబుతుంది. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే పటం) బదులు మూడు వన్నెలనూ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు గీత కుడి గోడకు తగలకుండా ఉండేవరకు ఎక్స్‌పోజర్ తగ్గించండి. మూడింట రెండు వంతుల స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా తగ్గించవలసి రావచ్చు (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది). తప్పకుండా రా ఫైల్‌లో, అంటే కెమెరా సరిచేయని ముడి ఫైల్‌లో తీయండి. కెమెరా చూపే హిస్టోగ్రామ్ జేపెగ్ (కెమెరా తానే సరిచేసిన ఫొటో) ఆధారంగా తయారవుతుంది కాబట్టి, రంగుల తీరును నిర్ణయించే పిక్చర్ స్టైల్‌ను న్యూట్రల్‌కు మార్చుకుంటే అది కొంత నమ్మదగినదిగా ఉంటుంది. ఇన్ని చేసినా తెర మీద ఈకలు కలిసిపోతే, ఎడిటింగ్‌లో ఎరుపు గాఢతను కొద్దిగా తగ్గించి చూడండి. గీతలు మళ్లీ తేలతాయి. మబ్బు పట్టిన రోజు ఈ పక్షికి ఎండ రోజు కంటే మేలు.

దట్టమైన ఆకుల కింద తీసేటప్పుడు వెలుగే పచ్చగా మారిపోతుంది. తెల్లని బాలి మైనాను అక్కడ తీస్తే నాచు పట్టినట్టు కనిపిస్తుంది. అదే వెలుగులో ఒక బూడిదరంగు కార్డును ముందుగా తీసుకుంటే తరువాత సరిచేయడం తేలిక.

హమ్మింగ్ బర్డ్ సంగతికి వస్తే, ఉష్ణమండల పక్షుల రంగులన్నీ ఒకే దారిన పుట్టినవి కావని తెలుసుకోవాలి. ఐబిస్ ఎరుపు అది తినే తిండిలోని కెరోటినాయిడ్లు అనే వర్ణకాల నుంచి వస్తుంది. టురాకో అనే ఆఫ్రికా పక్షి రెక్కల ఎరుపు రాగి కలిసిన టురాసిన్ అనే వర్ణకం. ఇవి నిజమైన రంగులు, ఎటు నుంచి చూసినా మారవు. మకావ్ నీలంలో మాత్రం నీలి వర్ణకమే లేదు. ఈకపోచల్లోని కెరటిన్ (ఈకలు తయారయ్యే పదార్థం) సూక్ష్మ నిర్మాణం నీలి కాంతిని వెదజల్లడం వల్ల అలా కనిపిస్తుంది, ఆ ఈకను మెత్తగా నూరితే నీలి పొడి రాదు. హమ్మింగ్ బర్డ్ గొంతు ఇంకో మెట్టు పైన ఉంటుంది. అక్కడి ఈకలు చిన్న చిన్న అద్దాల్లా ఒక దిక్కుకే మెరుపును పంపుతాయి. మీరు ఆ దిక్కున లేకపోతే మీకు కనిపించేది నలుపో, గోధుమరంగో. కాబట్టి మీ నమూనా వెలిసిపోలేదనే నా నమ్మకం. దీపం మీ తల వెనుక నుంచి గొంతు మీద పడేలా నిలబడి, అంగుళం అంగుళం చొప్పున పైకీ కిందికీ, పక్కలకూ కదిలి చూడండి.

జవాబు – పాతసొరుగు

మ్యూజియం నమూనాల దగ్గర కొంతకాలం స్వచ్ఛందంగా పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. ఈకపోచ గారు చెప్పిన దానికి ఒక్క మాట కలపాలి: మెరుపు రంగులు ఏళ్ల తరబడి నిలిచినా, కెరోటినాయిడ్ ఎరుపులు, గులాబీలు వెలుగుకు వెలిసిపోతాయి. ఈకల వంటి సున్నితమైన వస్తువుల దగ్గర వెలుగును సుమారు 50 లక్స్‌కు (లక్స్ వెలుగు కొలత) పరిమితం చేయడానికి కారణం ఇదే. అంత తక్కువ వెలుగులో అపర్చర్ ఎఫ్ 4, వెలుగుకు కెమెరా స్పందనను పెంచే ఐఎస్ఓ 3200 పెడితే షట్టర్ తెరిచి ఉండే సమయం 1/40 సెకను దగ్గరకు వస్తుంది. నమూనా కదలదు కనుక, మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి నాలుగైదు తీస్తే ఒకటి నిలకడగా వస్తుంది.

అద్దం ప్రతిబింబాలకు మెత్తని రబ్బరు హుడ్‌ను అద్దానికి ఆనించడమే మంచి ఉపాయం, అక్కడి సిబ్బంది ఒప్పుకుంటేనే సుమా. ప్రతిబింబాలను తగ్గించే పోలరైజర్ ఫిల్టర్, అద్దాన్ని ఏటవాలుగా చూసినప్పుడే పనిచేస్తుంది, ఎదురుగా నిలబడితే ఉపయోగం లేదు. పైగా ఒక స్టాప్‌కు పైగా వెలుగును తినేస్తుంది.

మ్యూజియంలో చూసిన రంగును బతికున్న పక్షి రంగుగా రాసే ముందు ఒకసారి ఆలోచించండి. కాళ్లు, ముక్కు, కంటి చుట్టూ ఉండే చర్మం చనిపోయాక రంగు కోల్పోతాయి, నమూనా తయారుచేసినవారు వాటికి రంగు పూస్తారు. గ్రేట్ హార్న్‌బిల్ మెడ మీది పసుపు కూడా తోక దగ్గరి గ్రంథిలోని నూనెను పక్షి తనకు తానే పూసుకోవడం వల్ల వచ్చేది. అందుకే నేను ప్రతి నమూనాతో పాటు దాని చీటీని కూడా వేరుగా ఒక ఫొటో తీస్తాను. పక్షి ఎక్కడ, ఎప్పుడు దొరికిందో అందులోనే ఉంటుంది.

జవాబు – వలకవతల

వివరం రాయడం గురించి అడిగారు కదా. జూలో తీసినదని, మ్యూజియం నమూనా అని స్పష్టంగా రాయండి, వల కనబడకపోయినా సరే. గ్వామ్ కింగ్‌ఫిషర్‌నే తీసుకోండి. గ్వామ్ దీవికి బయటి నుంచి వచ్చి చేరిన గోధుమరంగు చెట్టుపాము వల్ల అది 1988 నాటికి అడవిలో లేకుండా పోయి, దశాబ్దాల పాటు జూలలోనే బతికింది. 2024లో కొన్నింటిని పసిఫిక్‌లోని పాల్మైరా దీవిలో వదిలారు. అలాంటి పక్షి ఫొటోను అడవిలో తీసినట్టు చూపితే, దానిని కాపాడినవారి కథ మొత్తం చెరిగిపోతుంది.

చిలకపచ్చ

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మళ్లీ మ్యూజియంకు వెళ్లాను. నిలబడి చూస్తే గొంతు అదే గోధుమరంగు. మోకాళ్ల మీద కూర్చుని, పై దీపం నా భుజం మీదుగా పడేలా కొద్దిగా ఎడమకు జరిగాను. ముందు గొంతు అంచున రెండు ఈకలు నిప్పురవ్వల్లా అంటుకున్నాయి, మరో అంగుళం జరగగానే గొంతంతా కరిగిన బంగారమైంది. వెంటనే నాలుగు ఫొటోలు తీశాను, ఒకటి నిలకడగా వచ్చింది. దాని కింద "మ్యూజియం నమూనా" అని రాసి, చీటీ ఫొటోను కూడా జతచేశాను. ఐబిస్ కోసం మబ్బు పట్టే రోజు చూసుకుని వెళతాను.