ఏడో నెల బిడ్డకు వండి పెట్టుకున్న ఆహారం: ఎంతసేపు ఉంచొచ్చు, ఎలా వేడి చేయాలి?

కొత్త_చెంచా:
ఉదయం ఏడింటికి అన్నం, క్యారెట్ ఉడికించి మెత్తగా చేస్తే సాయంత్రం దాకా అదే పెట్టొచ్చా? ఫ్లాస్కులో వేడిగా ఉంచడం మేలా, ఫ్రిజ్‌లో పెట్టి వేడి చేయడం మేలా? తినగా గిన్నెలో మిగిలింది తర్వాతి పూటకు దాచొచ్చా? బాగా మరిగిస్తే ఏ క్రిమీ బతకదని కొందరు, చల్లారితే పారేయాల్సిందేనని కొందరు అంటున్నారు.

మూత_రబ్బరు:
ముందు ఆఖరి ప్రశ్న సంగతి చూద్దాం, ఎక్కువ మంది తప్పు చేసేది అక్కడే. ఎంగిలి తగిలింది దాచకూడదు. బిడ్డ నోట్లోకి వెళ్లొచ్చిన చెంచా గిన్నెలో పడగానే నోటిలోని బ్యాక్టీరియా, లాలాజలం రెండూ అందులో కలుస్తాయి. లాలాజలంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది. చిక్కగా ఉన్న అన్నం గుజ్జు కాసేపటికి అంచుల వెంట నీరు తేలి జారుగా అయిపోతుందే, అది ఇందువల్లే. ఆ నీరు కనబడిందంటే ఇక ఆ గిన్నె కడిగేయడమే.

దారి ఏంటంటే రెండు గిన్నెలు, రెండు చెంచాలు. పెద్ద గిన్నెలోంచి తీయడానికి శుభ్రమైన పొడి చెంచా ఒకటి, తినిపించడానికి ఇంకోటి. మొదట రెండు టేబుల్ స్పూన్లు, అంటే దాదాపు 30 మి.లీ. మాత్రమే వేసుకోండి. చాలకపోతే పొడి చెంచాతో మళ్లీ వేసుకోవచ్చు. కొన్న సీసా నుంచో, పౌచ్ నుంచో నేరుగా తినిపించినా ఇదే సూత్రం: నోరు తగిలితే మిగిలింది పారేయాలి.

డిగ్రీల_లెక్క:
ఫ్లాస్కు సంగతి. బ్యాక్టీరియా వేగంగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. బిడ్డ తినేంత గోరువెచ్చగా, అంటే 40 డిగ్రీల దగ్గర ఫ్లాస్కులో పోసి మూత బిగించారంటే, మీరు చేసింది బ్యాక్టీరియాను పొదగేయడం. అనుకూలమైన వేడిలో కొన్ని రకాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. నాలుగు గంటల్లో 12 సార్లు, అంటే ఒకటి 4,096 అవుతుంది. బయట వదిలేస్తే రెండు గంటలే గడువు, ఎండ మండే రోజు ఒక గంటే అనుకోండి.

ఫ్లాస్కు తప్పనిసరైతే: మరిగే నీళ్లు నిండా పోసి, మూత పెట్టి పది నిమిషాలు ఉంచండి. ఆ నీళ్లు పారబోసి, పొగలు కక్కుతున్న ఆహారాన్ని వెంటనే అంచుదాకా నింపండి. సగం నింపితే త్వరగా చల్లారుతుంది. తినిపించే వేళకు మూత తీసి వంట థర్మామీటర్ పెడితే 60కి పైన చూపించాలి. అప్పుడు గిన్నెలోకి కొంచెం తీసి ఆరబెట్టి పెట్టాలి. 60కి తగ్గిందంటే, ఎప్పుడు తగ్గిందో మనకు తెలియదు కాబట్టి వద్దు. ఇంత తతంగం కన్నా ఫ్రిజ్ సులువు.

పొంగు_వచ్చేదాకా:
చల్లారినా మళ్లీ పొంగు వచ్చేలా మరిగిస్తే బ్యాక్టీరియా పోతుంది కదా? ఇంత భయం దేనికి?

డిగ్రీల_లెక్క:
బ్యాక్టీరియా పోతుంది, అది అప్పటికే వదిలిన విషం పోదు. అన్నంలో చూడాల్సింది బాసిల్లస్ సీరియస్ అనే రకం. దాని బీజాలు (నిద్రాణంగా ఉండే గట్టి రూపాలు) బియ్యంలోనే వస్తాయి, ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి, పెరిగి, సెరూలైడ్ అనే విషాన్ని వదులుతాయి. మరిగించినా ఆ విషం పోదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. చేతుల నుంచి, ముక్కు నుంచి ఆహారంలోకి చేరే స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా కూడా వేడికి తట్టుకునే విషాన్నే వదులుతుంది. కాబట్టి మళ్లీ వేడి చేయడం అనేది సరిగా దాచినదానికి పనికొస్తుంది, బయట వదిలేసినదాన్ని బాగుచేయదు.

అన్నం ఎలా చల్లార్చారన్నదే అసలు విషయం. లోతైన గిన్నెలో వదిలేస్తే అంచులు చల్లబడినా నడిమధ్య గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. వెడల్పాటి పళ్లెంలో రెండు మూడు సెంటీమీటర్ల మందానికి మించకుండా పరచండి. దాన్ని ఐసు, నీళ్లు కలిపిన పెద్ద పళ్లెంలో కూర్చోబెట్టి, శుభ్రమైన చెంచాతో కలుపుతూ ఉండండి. చేతికి చల్లగా తగిలాక మూత బిగించి ఫ్రిజ్‌లోకి. స్టవ్ ఆపినప్పటి నుంచి ఇదంతా గంటలో అయిపోవాలి. అన్నం కలిసినది ఏదైనా 24 గంటలు దాటించొద్దు.

గాజు_డబ్బా:
మిగతా గడువులు నేను చెప్తాను. ఇంట్లో చేసిన కూరగాయల, పళ్ల గుజ్జు ఫ్రిజ్‌లో రెండు రోజులు. మాంసం, చేప, గుడ్డు కలిస్తే ఒక్క రోజు. గుడ్డు, మాంసం లోపలిదాకా గట్టిగా ఉడకాలి, పచ్చసొన జారుగా ఉంటే ఏడో నెల బిడ్డకు పెట్టొద్దు. ఫ్రిజ్ 4 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. డబ్బా తలుపు అరలో పెట్టకండి, తీసినప్పుడల్లా మొదట వేడెక్కేది అదే. లోపలి అరలో, పచ్చి మాంసానికి పైన పెట్టండి.

ఫ్రీజర్ (మైనస్ 18) అయితే ఒకటి రెండు నెలలు. ఐస్ ట్రేలో పోసి, గడ్డకట్టాక ముక్కలు సంచిలోకి మార్చి, తేదీ రాసుకోండి. క్యారెట్ వేరు, అన్నం వేరు, గుడ్డు వేరుగా గడ్డకట్టించడం మేలు. అన్నీ కలిపి చేస్తే, ఒంటి మీద దద్దుర్లు వచ్చిన రోజు ఏది పడలేదో తేలదు. కొత్త పదార్థం ఒక్కొక్కటిగా, పగటిపూట పెట్టండి. కరిగించడం ఫ్రిజ్‌లోనే, గట్టు మీద కాదు. కరిగింది మళ్లీ గడ్డకట్టించొద్దు, 24 గంటల్లో వాడేయండి.

వేడి చేస్తే లోపలిదాకా 74 డిగ్రీలు వచ్చేలా, ఒక్కసారే. మైక్రోవేవ్‌లో ఒకచోట కాలుతూ పక్కనే చల్లగా ఉంటుంది. బాగా కలిపి, అరనిమిషం ఆగి, మళ్లీ కలిపి, మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుని చూశాకే పెట్టాలి.

మూత_రబ్బరు:
వంట ఎంత శుభ్రంగా చేసినా మిక్సీ దగ్గర దెబ్బతింటుంది. జార్ మూత లోపలి రబ్బరు వాషర్‌ను చెంచా కాడతో పైకి లేపి చూడండి. దాని కింది గాడిలో పాత గుజ్జు పలచటి జిగురుపొరలా పట్టి ఉంటుంది, పాతదైతే నల్లగా కూడా. ప్రతిసారీ వాషర్ తీసి విడిగా కడగాలి. బ్లేడు కింద వేలు పోదు కాబట్టి సగం జార్ వేడినీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి అరనిమిషం తిప్పండి, పారబోసి మంచినీళ్లతో మళ్లీ తిప్పండి. అన్నీ విడివిడిగా బోర్లించి పూర్తిగా ఆరాకే బిగించండి. తడిగా బిగిస్తే కడిగినా కడగనట్టే. స్ట్రా కప్పుల మూతల్లో ఉండే చిన్న వాల్వుకూ ఇదే వర్తిస్తుంది.

కొత్త_చెంచా:
చాలా సాయం. ఇంకొకటి: క్యారెట్ గుజ్జు నిల్వ ఉంచితే విషమవుతుందని విన్నాను. తీపికి ఒక చుక్క తేనె?

డిగ్రీల_లెక్క:
క్యారెట్, పాలకూర, బీట్‌రూట్‌లో నైట్రేట్ సహజంగానే ఉంటుంది. బయట నిల్వ ఉంటే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అది రక్తం ఆక్సిజన్ మోయడాన్ని దెబ్బతీస్తుంది. ఎక్కువ ముప్పు మూడు నెలల్లోపు బిడ్డలకు. ఏడో నెలలో పెట్టొచ్చు, కానీ వీటికి పైన చెప్పిన రెండు రోజుల గడువు వద్దు, వండిన రోజే వాడండి, లేదా గడ్డకట్టించండి.

తేనె మాత్రం ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు, ఉడికించినా వద్దు. అందులో క్లోస్ట్రిడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, 100 డిగ్రీలకు అవి చావవు. పెద్దల పేగుల్లో పెరగలేవు, పసిబిడ్డ పేగుల్లో పెరిగి విషం వదులుతాయి. మొదట మలబద్ధకం, తర్వాత ఏడుపు సన్నబడటం, పాలు లాగలేకపోవడం, మెడ వాలిపోవడం. ఇవి కనిపిస్తే రేపు చూద్దాంలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి. ఉప్పు, చక్కెర కూడా వేయకండి, బిడ్డకు వాటి అవసరం లేదు.

పొంగు_వచ్చేదాకా:
ద్రాక్ష గుండ్రంగా అలాగే ఇవ్వొచ్చా?

పర్యవేక్షకులు:
గొంతుకు అడ్డుపడే వాటి గురించి వేరే చర్చ ఉంది, అక్కడ అడగండి. ఈలోపు ఒక్క మాట: గుండ్రంగా వద్దు, నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి.

కొత్త_చెంచా:
ఆఖరిది. ఫ్రిజ్‌లోంచి తీసింది వేడి చేయకుండా పెడితే ప్రమాదమా?

గాజు_డబ్బా:
వెంటనే చల్లార్చి, మూత పెట్టి, గడువు లోపల తీసినదైతే చల్లగానే పెట్టొచ్చు. అక్కడ వేడి చేయడం రుచికోసమే. గడ్డకట్టించి కరిగించింది, మాంసం, గుడ్డు, అన్నం కలిసింది మాత్రం వేడి చేయండి. మీ విషయంలో అన్నం ఉంది కాబట్టి పూటకు కావలసినంత విడి డబ్బాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, ఒక్కో డబ్బా ఒక్కసారే బయటికి రావాలి.