మేనకోడలికి పెళుసు ఎముకల జబ్బు: ఇంట్లోవాళ్ళం ఏం చెయ్యాలండీ?

రాజోలు మేనమామ:
నమస్కారం అండీ. మాది రాజోలు దగ్గర లంక ఊరు, కొబ్బరి వ్యాపారం. మా చెల్లి కూతురికి ఎనిమిదో నెల. పుట్టిన కొన్నాళ్ళకే తొడ ఎముక విరిగింది. మొన్న లాల పోస్తుంటే చెయ్యి. కాకినాడలో చూపిస్తే ఆస్టియోజెనెసిస్ ఇంపర్‌ఫెక్టా అన్నారు. కంటి తెల్లగుడ్డు లేత నీలంగా ఉంటే మేం ముచ్చటపడేవాళ్ళం, అదే జబ్బు గుర్తట!

మందుల సంగతి డాక్టర్లు చూస్తున్నారు. నా దిగులు ఇంటి గురించి. వాళ్ళ అత్తగారేమో 'మా వంశంలో లేదు, మీ వైపునుంచే వచ్చింది' అంటారు. మేనరికం కూడా కాదండీ. వార్డు బయట ఎవరో ఒకావిడ 'పిల్లని పడేసుంటుంది' అని మొహం మీదే అనేసింది. ఆ రోజు నుంచి చెల్లి పాపని ఎత్తుకోవడమే మానేసింది. మేనమామగా డబ్బు పెట్టగలను, కారు పెట్టగలను. ఇంకేం చెయ్యాలి?

పాలకొల్లు అమ్మ:
తమ్ముడూ, మా వాడు ఇప్పుడు తొమ్మిదో క్లాసు. వాడికీ ఇదే.

ముందు ఆ లాల పోత ఆపించండి. కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె పట్టించి, చేతులు మడిచి, కాళ్ళు సాగదీసి, చివర్న తలకిందులుగా ఎత్తడం మన వైపు మామూలే కదా. ఈ పిల్లలకి అదే ప్రమాదం. టబ్బులో మెత్తటి స్పాంజి పరిచి, దాని మీద పడుకోబెట్టి గోరువెచ్చటి నీళ్ళు చెంబుతో పొయ్యాలి. ఆ నీళ్ళలో కాళ్ళూ చేతులూ తనంతట తనే ఆడిస్తుంది చూడండి, కండకి అదే బలం.

ఎత్తేటప్పుడు చంకల్లో చేతులు పెట్టకూడదు. ఒక చెయ్యి వేళ్ళు బాగా విడదీసి పిర్రల కింద, రెండోది తల, భుజాల కింద. గుడ్డ మార్చేటప్పుడు మడమలు పట్టుకుని లేపకుండా, పిర్రల కింద చెయ్యి జరపాలి. చొక్కాలు ముందువైపు ముడి వేసేవి కుట్టించండి.

ఇదంతా మీ చెల్లికి ఒక్కదానికే నేర్పొద్దు. వాళ్ళ అత్తగారికీ నేర్పించండి, స్నానం ఆవిడ చేతే చేయించండి. మా ఇంట్లో ఎవరి రక్తం అన్న గొడవ ఆగింది డాక్టరు మాటతో కాదు, మా అత్తగారు ఆ పని చేతిలోకి తీసుకున్నాకే. వాడి ఒంటి సంగతి ఆవిడకి తెలిసినంత నాకు తెలీదు ఇప్పుడు!

విరిగిందని అనుమానం వస్తే ఆకుపసరు కట్టుకి తీసుకెళ్ళకండి, లాగి సరిచేస్తామంటారు. మెత్తటి గుడ్డ చుట్టి, అట్టముక్క ఆసరాగా కట్టి, కదలకుండా ఆసుపత్రికి. జబ్బు పేరు రాసి డాక్టరు సంతకం చేసిన కాగితం లామినేషన్ చేయించి సంచీలో పెట్టండి. కొత్త ఆసుపత్రిలో 'ఎవరు కొట్టారు?' అన్న చూపు తప్పుతుంది.

కాకినాడ కుర్రాడు:
నాకు ముప్ఫై దాటాయి, నాదీ ఇదే జబ్బు. ఎక్కువమందిలో తప్పు కాల్1ఎ1, కాల్1ఎ2 అనే జన్యువుల్లో ఉంటుంది. ఎముకకి పట్టునిచ్చే కొల్లాజెన్‌ని తయారుచేసేవి అవే. అమ్మకీ నాన్నకీ లేకుండా బిడ్డలోనే కొత్తగా రావడం మామూలే. మా ఇంట్లో జరిగింది అదే. ఎవరి వంశాన్నీ అనక్కర్లేదు. కొన్ని అరుదైన రకాల్లో మాత్రం అమ్మా నాన్నా ఇద్దరూ ఆ తప్పు జన్యువుని మోస్తుంటేనే బిడ్డకి వస్తుంది, మేనరికం లెక్కలోకొచ్చేది అక్కడే. అందుకని మరో బిడ్డ అనుకునే ముందు జన్యు పరీక్ష చేయించండి. పాప పెద్దయ్యాక తన పిల్లలకి వచ్చే అవకాశం, మామూలు రకమైతే, ప్రతిసారీ సగానికి సగం.

విరుగుతుందని నన్ను చాలా ఏళ్ళు గడప దాటనివ్వలేదు. కండలు కరిగి ఎముక ఇంకా బలహీనపడింది. పాపని కదలనివ్వండి బాబూ, ఫిజియోథెరపీ ఇప్పుడే మొదలెట్టండి.

భవిత టీచరమ్మ:
కాగితాల మాట నేను చెప్తానండీ. ముందు వైకల్యం ఎంత శాతమో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్, వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ. వైకల్యం 40 శాతం గానీ ఆ పైన గానీ తేలితే ఎన్టీఆర్ భరోసా పింఛను కింద నెలకి 6,000 రూపాయలు వస్తుంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఈ జబ్బు, దానికి ఎముక గట్టిపడ్డానికిచ్చే బిస్ఫాస్ఫోనేట్ మందు రెండూ ఉన్నాయి. మనకి దగ్గర కేంద్రం హైదరాబాదు, సీడీఎఫ్‌డీ అనే జన్యు పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి నడిపేది. బడి ఈడు వచ్చాక మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి వెళ్ళండి.

రాజోలు మేనమామ:
అందరికీ దండాలండీ. అత్తగారికి ఇదంతా చదివి వినిపించాను, ఏమీ అనలేదు గానీ 'స్పాంజి ఎంత మందం?' అని అడిగారు. వచ్చే వారం ఆ బిస్ఫాస్ఫోనేట్ మొదటి సూదిమందు. ఆ రాత్రి జ్వరం వస్తుందన్నారు, నిజమేనా?

పాలకొల్లు అమ్మ:
మొదటిసారి చాలామందికి వస్తుంది, ఒళ్ళు నొప్పులు కూడా. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, తర్వాతి వాటికి అంతగా ఉండదు. కాల్షియం, విటమిన్ డి పరీక్షలు ముందే చూశారా అని అడగండి, అవి తక్కువుంటే ఈ మందుతో కాల్షియం ఇంకా పడిపోతుంది. స్పాంజి నాలుగు వేళ్ళ మందం చాలు. ఎండలో ఆరేస్తుండాలి, లేకపోతే మన తేమకి వాసనొస్తుంది.