పాత ఆక్టేవియా ఆర్ఎస్ లాగట్లేదు: టర్బో పోయిందా, ఈ20 దెబ్బా?

ఆర్ఎస్_మణికొండ
2006 ఆక్టేవియా ఆర్ఎస్, 1.8 టర్బో పెట్రోల్, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. నేను రెండో ఓనర్‌ని. పోయిన నెల శ్రీశైలం వెళ్లాం. దోమలపెంట దాటి డ్యామ్ దాకా దిగి, మళ్లీ ఎక్కే మలుపుల్లో మూడో గేరులో బండి లాగనంది. ఇంతకుముందు యాక్సిలరేటర్ తొక్కితే వీపు సీటుకు అతుక్కునేది. ఇప్పుడు చప్పుడు పెరుగుతోంది గానీ స్పీడు పెరగడం లేదు. వెనక నుంచి ఒక డీజిల్ జీపు హారన్ కొట్టి మరీ దాటిపోయింది. మా పిల్లలు నవ్వారు, అది మాత్రం తట్టుకోలేకపోయాను.

చెక్ ఇంజిన్ లైట్ లేదు, పొగ లేదు, ఆయిల్ తగ్గడం లేదు. మెకానిక్ ఒక రౌండ్ నడిపి చూసి “టర్బో పోయింది సార్, మార్చాల్సిందే” అన్నాడు. రీకండిషన్ చేసింది పెట్టినా లేబర్‌తో కలిపి అరవై వేలట. మా బావమరిది మాత్రం ఇదంతా ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) వల్లేనంటాడు. అరవై వేలు పెట్టే ముందు ఇక్కడ అడుగుదామని వచ్చాను.

వైజాగ్ వీల్స్
మీ బావమరిది కరెక్ట్. ఇథనాల్‌లో శక్తి తక్కువ, లీటరుకు లీటరు చూస్తే పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది: మామూలు పెట్రోల్‌కు డిజైన్ చేసి ఈ10కి ట్యూన్ చేసిన కార్లలో ఈ20 పోస్తే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుందని. ఇరవై ఏళ్ల బండి ఎలా తట్టుకుంటుంది? ఏ పార్టు మార్చినా పెట్రోల్ అదే కదా.

బెజవాడ టర్బో
అన్నా, మైలేజీ వేరు, పవర్ వేరు. అక్కడే అందరూ పప్పులో కాలేస్తున్నారు. కిలో పెట్రోల్ మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే అదే గాలికి ఇంజిన్ కొంచెం ఎక్కువ ఇంధనం పోసుకోవాలి. ఈ20కి అది సుమారు 8 శాతం. ఎగ్జాస్ట్‌లో ఉండే ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఆ ఎక్కువ ఇంధనాన్ని తనే పోస్తుంది. అందుకే ట్యాంకు తొందరగా ఖాళీ అవుతుంది. కానీ సిలిండర్‌లో పుట్టే శక్తి దాదాపు అంతే ఉంటుంది. పైగా ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, టర్బో ఇంజిన్‌కు అది మేలే. డీజిల్ జీపు దాటిపోయేంత తేడా పెట్రోల్ వల్ల రాదు.

వైజాగ్ వీల్స్
ఆ ఎక్కువ ఇంధనం పోయడానికి పంపులో దమ్ముండాలి కదా తమ్ముడూ. రబ్బరు పైపులు ఉబ్బితే? ట్యాంకులో ఇరవై ఏళ్ల మడ్డిని ఇథనాల్ కరిగించి ఫిల్టర్‌లోకి తోస్తే? లెక్కలు కాగితం మీద బాగానే ఉంటాయి.

బెజవాడ టర్బో
అది ఒప్పుకుంటా. కానీ అప్పుడు కూడా పెట్రోల్‌ను తిట్టడం కాదు, ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టి చూడాలి.

లీడ్స్ తెలుగోడు
నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో ఇదే బండి పదేళ్లు నడిపాను. బూస్ట్, అంటే టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి, ఎంత వస్తోందో చూడండి. నా దాంట్లో కంటే బాగా తక్కువుంటే టర్బో పోయినట్టే. నాది 180 హార్స్‌పవర్.

పిస్టన్ మామ
మీది 180 గానీ, ఇండియాలో అమ్మింది 150 హార్స్‌పవర్, 210 న్యూటన్ మీటర్ల ట్యూన్ అండి. పేరు ఒకటే, బూస్ట్ లెక్క వేరు. మీ అంకెలతో పోలిస్తే మా ఊళ్లో ఉన్న ప్రతి ఆర్ఎస్ టర్బో పోయిందనే అనుకోవాలి.

మణికొండ గారూ, ఒక్క స్పానర్ కూడా పట్టకముందే ల్యాప్‌టాప్, వీసీడీఎస్ కేబుల్ (ఈసీయూ లోపలి అంకెలు చదివేది) ఉన్న మనిషిని పట్టుకోండి. సాదా ఓబీడీ రీడర్‌లో ఫాల్ట్ కోడ్ లేకపోతే “అంతా ఓకే” అని వస్తుంది. లైట్ రాలేదంటే ఏమీ కాలేదని కాదు, ఈసీయూ ఓపిక ఇంకా అయిపోలేదని. ఆ అంకెల్లో మూడు గ్రూపులు చాలు. గ్రూప్ 032, అంటే ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ తన లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ పెట్రోల్ పోస్తోందో), ఇంజిన్ బాగా వేడెక్కాక. గ్రూప్ 002, అంటే ఇంజిన్ పీల్చే గాలి, రోడ్డు మీద ఫుల్ త్రాటిల్‌లో. గ్రూప్ 115, అంటే బూస్ట్, అదీ ఫుల్ త్రాటిల్‌లోనే. మూడో గేరులో 2000 నుంచి రెడ్‌లైన్ దాకా ఒక్క లాగుడు. పొద్దున్నే ఖాళీ రోడ్డు చూసుకోండి, పక్కన ఇంకొకరు కూర్చుని రికార్డ్ చేయాలి. డ్రైవ్ చేస్తూ స్క్రీన్ చూడొద్దు, మా వాడొకడు అలా చూస్తూ డివైడర్ ఎక్కాడు.

గ్యారేజ్ బాబాయ్
నేను గ్యారేజ్ నడుపుతాను, ఆ మెకానిక్ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. గంటన్నర కూర్చుని లాగ్ తీసి వెయ్యి రూపాయలు అడిగితే “వైరు పెట్టినందుకు వెయ్యా?” అంటారు. అదే పార్టు మార్చి యాభై వేలు తీసుకుంటే నమస్కారం పెట్టి పోతారు. చూసినదానికి డబ్బులివ్వరు, మార్చినదానికే ఇస్తారు. ఇంకొకటి: ఈ ఇంజిన్‌లో టర్బో దించడం సగం రోజు పని. పైపులన్నీ మార్చి, చివరికి టర్బోనే అని తేలితే లేబర్ రెండుసార్లు. కస్టమర్ అప్పుడు తిట్టేది మమ్మల్నే.

పిస్టన్ మామ
బాబాయ్, న్యాయమే. కానీ టర్బో దించకుండానే సగం తెలుస్తుంది కదా. గాలి లోపలికి వెళ్లే పైపు ఊడదీసి షాఫ్ట్‌ను వేలితో కదిపి చూడాలి. పక్కలకు కొద్దిగా కదిలితే పర్లేదు, అది ఆయిల్ ఫిల్మ్ కోసం వదిలిన సందు. ముందుకీ వెనక్కీ ఆడినా, రెక్క అంచు హౌసింగ్‌కు రాసుకున్న గీత కనబడినా అప్పుడు టర్బో అనండి.

ఆర్ఎస్_మణికొండ
నిన్న తెల్లవారుజామున లాగ్ తీశాం. అంకెలు ఇవి:
032లో ఐడిల్ ట్రిమ్ +8.2 శాతం, పార్ట్ త్రాటిల్ (యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కినప్పుడు) +11.7.
002లో గాలి గరిష్ఠంగా సెకనుకు 92 గ్రాములు.
115లో ఈసీయూ అడిగింది 1520 మిల్లీబార్లు, వచ్చింది 1240.
షాఫ్ట్ ముందుకీ వెనక్కీ ఆడట్లేదు, రెక్కలు శుభ్రంగా ఉన్నాయి.
ఇంకో డౌట్: ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేస్తే ప్రెషర్ 950 చూపిస్తోంది. 1013 ఉండాలి కదా, సెన్సర్ పోయిందా?

బెజవాడ టర్బో
సెన్సర్ బంగారంలా ఉంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి ఒత్తిడే అంత. మా బెజవాడ తెస్తే 1010 దగ్గర చూపిస్తుంది. దాన్ని మార్చమని ఎవరైనా చెబితే వినకండి.

పిస్టన్ మామ
ఈ అంకెలు చాలా చెబుతున్నాయి. ఈ ఇంజిన్లకు ఒక మోటు లెక్క ఉంది: గాలి గ్రాములను 0.8తో భాగిస్తే హార్స్‌పవర్ దగ్గరదగ్గరగా వస్తుంది. 92 అంటే 115. మీ 35 గుర్రాలు ఎక్కడో తప్పిపోయాయి.

ఇప్పుడు ట్రిమ్ చూడండి. ఐడిల్‌లో +8 అంటే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ లెక్కలోకి రాని గాలి దొంగదారిన లోపలికి వస్తోంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి చిన్న చిల్లు కూడా పెద్ద శాతంగా కనిపిస్తుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద క్రాంక్‌కేస్ బ్రీదర్ పైపుల (ఇంజిన్ అడుగు భాగంలోని ఆయిల్ ఆవిరి బయటికి పోయే పైపులు) గుంపు ఒకటి ఉంటుంది. ఇరవై ఏళ్ల ఆయిల్ ఆవిరికి ఆ రబ్బరు నానిన చెప్పులా మెత్తబడి, మడత దగ్గర చీలుతుంది. కంటికి కనబడదు, అద్దం పెట్టాలి లేదా చెయ్యి దూర్చి తడమాలి.

గ్యారేజ్ బాబాయ్
లీక్ టెస్ట్ చెయ్యండి, ఖర్చు రెండొందలు. ప్లంబింగ్ షాపులో మూడంగుళాల పీవీసీ ఎండ్ క్యాప్ కొని, దానికి చిల్లు పెట్టి ట్యూబ్‌లెస్ టైరు వాల్వ్ బిగించండి. టర్బోకు గాలి వెళ్లే పైపు మూతిలో అది పెట్టి క్లిప్పు బిగించి, టైర్ కంప్రెసర్‌తో పది పీఎస్ఐ దాకా. అంతకు మించొద్దు. సబ్బు నీళ్లు కొడుతూ వెతకండి. ముందు కుడి చక్రం ఎదుట బంపర్ లోపల ఇంటర్‌కూలర్ ఉంటుంది, దాని పైపు జాయింట్లు మర్చిపోవద్దు. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే కంగారు పడకండి, ఆ గాలి బ్రీదర్ దారిలో క్రాంక్‌కేస్‌లోకి వెళ్లింది.

బెజవాడ టర్బో
బాబాయ్ చెప్పింది బాగుంది గానీ ఒక లోటుంది. డైవర్టర్ వాల్వ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు బూస్ట్ గాలిని టర్బో ముందుకు మళ్లించేది) లోపలే లీకైతే ఈ టెస్టులో దొరకదు. టర్బో ముందు పైపు, వెనక పైపు రెండింట్లోనూ ఒకే ఒత్తిడి పెడుతున్నాం కదా, వాల్వ్‌కు రెండు వైపులా సమానం, గాలి కదలదు. దాన్ని ఊడదీసి చేత్తోనే చూడాలి. పిస్టన్‌ను లోపలికి నొక్కి, పైన సన్న పైపు మూతిని వేలితో మూసి, పిస్టన్ వదిలెయ్యాలి. లోపలే నిలబడితే మంచిది. మెల్లగా బయటికి జారిందంటే డయాఫ్రమ్ చిరిగినట్టే.

వైజాగ్ వీల్స్
+11.7 గురించి ఎవరూ మాట్లాడరేం? అది ఈ20 కాదా?

పిస్టన్ మామ
కొంత అయ్యుండొచ్చు. ముందు చిల్లు మూసి మళ్లీ చూద్దాం. చిల్లు కుండలో నీళ్లు కొలిచి లాభం లేదు.

ఆర్ఎస్_మణికొండ
ఆదివారం సాయంత్రం దాకా అదే పని. ఎండ్ క్యాప్ పెట్టి గాలి కొట్టగానే మానిఫోల్డ్ కింద సన్నగా ఈల వినిపించింది. చెయ్యి దూర్చి తడిమితే బ్రీదర్ పైపు మడత దగ్గర వేలి గోరు పట్టేంత చీలిక, చేతికి నల్లటి జిడ్డు. ఇంటర్‌కూలర్ జాయింట్లు బాగానే ఉన్నాయి. తర్వాత డైవర్టర్ వాల్వ్ తీసి బెజవాడ వారు చెప్పినట్టు నొక్కి వదిలితే వెంటనే బయటికొచ్చేసింది. మా పెద్దోడు పదిసార్లు నొక్కి ఆడుకున్నాడు, పదిసార్లూ అంతే. రెండు పార్టులూ, క్లిప్పులూ కలిపి ఏడువేల లోపు.

కొత్త లాగ్: గాలి 116 గ్రాములు, బూస్ట్ 1500 అడిగిన చోట 1490. ఐడిల్ ట్రిమ్ +1.4. బండి మళ్లీ పాత బండి అయింది. కానీ పార్ట్ త్రాటిల్ ట్రిమ్ ఇంకా +7.8 ఉంది.

వైజాగ్ వీల్స్
ఆ 7.8 నాది. ఇథనాల్ 8 శాతం అడుగుతుందని మీరే చెప్పారు.

బెజవాడ టర్బో
మామూలు పెట్రోల్‌తో పోల్చితే 8 అన్నా. ఇన్నాళ్లూ ఈ10 తాగిన బండికి కొత్తగా చేరేది అందులో సగమే. ఈ20కి మారకముందు ఈ బండి ట్రిమ్ ఎంత ఉండేదో లాగ్ ఉంటే ఇప్పుడే తేల్చేవాళ్లం.

వైజాగ్ వీల్స్
లాగ్ లేదు కాబట్టి నా మాట తప్పని కూడా తేలలేదు.

గ్యారేజ్ బాబాయ్
మీ ఇద్దరి మధ్యలో పంపు ఉంది. దానికి వోల్టేజీ సరిగా అందకపోతే పెట్రోల్ తక్కువ తోస్తుంది, అప్పుడూ ట్రిమ్ పెరుగుతుంది. వెనక సీటు కింద మూత తీసి, ఇంజిన్ నడుస్తుండగా ఫ్యూయల్ పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజీ చూడండి, బ్యాటరీ దగ్గర చూసినదానితో పోల్చండి. అక్కడ పెట్రోల్ ఆవిరి ఉంటుంది, తలుపులన్నీ తెరిచి, మీటర్ పిన్నులు ఒకదానికొకటి తగలకుండా పట్టుకోండి.

ఆర్ఎస్_మణికొండ
బ్యాటరీ దగ్గర 13.9, పంపు దగ్గర 11.6. ఎర్త్ వైరు బోల్టు కింద తుప్పు కనిపిస్తోంది. శనివారం గీకి బిగించి, మళ్లీ 032 చూసి పెడతాను. వైజాగ్ అన్నా, అప్పటిదాకా ఆ 7.8 మీ ఖాతాలోనే ఉంచుతున్నా.