పెద్దవాళ్లు మనకోసం వదులుకున్నవి: ఎలా అడగాలి, ఎలా భద్రపరచాలి?

పాతపెట్టె:
ముందు తరం మనకోసం ఎంతో త్యాగం చేసిందని అందరం అంటాం. ఏం వదులుకున్నారు, ఎప్పుడు, ఎవరికోసం అని అడిగితే మాత్రం నీళ్లు నములుతాం. ఎనభై దాటిన పెద్దవాళ్లిద్దరి మాటలు రికార్డు చేయాలి. "మీరేం త్యాగం చేశారు" అంటే "మేం చేసిందేముంది, అందరూ పడ్డదే" అని తేల్చేస్తున్నారు. ఫోన్ తప్ప వేరే పరికరం లేదు. ఒక కట్ట ఉత్తరాలు, జిగురు పేజీల ఆల్బమ్ ఒకటి ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

నిదానం:
ముందు మనుషులు, తర్వాత కాగితాలు.

త్యాగం అనే మాటే ఎత్తకండి. అది పొగడ్తలా వినిపిస్తుంది, పొగడ్తకు వాళ్లిచ్చే జవాబు "అబ్బే, ఏముంది". దాని బదులు ఒక రోజు గురించి అడగండి. బడి మానేయాలని ఎవరు చెప్పారు? మర్నాడు పొద్దున లేచి ఏం చేశారు? ఇంట్లో ఒక్కరినే చదివించగలిగితే ఎవరినన్నది ఎవరు తేల్చారు? మొదటి జీతంలో తమకని ఎంత ఉంచుకున్నారు? ఏ వస్తువు అమ్మారు, దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టేవారు? "ఎందుకు" అని అడిగితే నిలదీసినట్టుంటుంది, "ఎలా జరిగింది" అనండి.

ఇద్దరినీ మొదట విడివిడిగా కూర్చోబెట్టండి. కలిపితే ఒకరు చెబుతుంటే ఇంకొకరు సవరిస్తారు, అసలు మాట ఆగిపోతుంది. ఒక విడతకు 45 నిమిషాలు చాలు. మాట ఆగితే మనసులో పది లెక్కపెట్టండి. చాలామంది అక్కడే తొందరపడి ఇంకో ప్రశ్న వేసి, రాబోయే మాటను పోగొట్టుకుంటారు. తేదీలు తప్పు చెబితే అప్పటికప్పుడు దిద్దొద్దు. తర్వాత ఉత్తరాలతో సరిచూసుకోవచ్చు.

ఇంకొకటి. మనం త్యాగం అని పిలిచేదాంట్లో కొంత వాళ్లను అడక్కుండా లాక్కున్నదే. చదువు మాన్పించిన ఆడపిల్ల దాన్ని త్యాగం అనుకోకపోవచ్చు. ఆమె ఏ మాట వాడితే ఆ మాటే రాయండి.

చెవిటిమైకు:
ఫోన్ చాలు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే కాల్ వచ్చి రికార్డింగ్ ఆగిపోతుంది. బల్ల మీద నేరుగా పెడితే చెయ్యి తగిలిన ప్రతి చప్పుడూ పడుతుంది. మడత పెట్టిన తువ్వాలు మీద, మైకు వైపు వాళ్లకు ఎదురుగా, 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. ఫ్యాన్ ఆపండి. పరుపు, పరదాలు ఉన్న గదైతే ప్రతిధ్వని తక్కువ. శబ్దం తగ్గించే సెట్టింగ్ ఉంటే తీసేయండి. పెద్దవాళ్ల గొంతు వాక్యం చివర్లో సన్నబడుతుంది, ఆ సెట్టింగ్ దాన్నీ చప్పుడే అనుకుని కోసేస్తుంది.

రికార్డింగ్ యాప్ సెట్టింగుల్లో వేవ్ ఫార్మాట్ (శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలు రకం), 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో (ఒకే ఛానెల్) ఎంచుకోండి: గంటకు దాదాపు 350 ఎంబీ. ముందే ఖాళీ చూసుకోండి. మొదటి నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్‌తో వినండి. తేదీ, పేర్లు మీ గొంతుతోనే మొదట చెప్పండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేయకండి, నాణ్యత పడిపోతుంది. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఇంట్లో.

నీలిసిరా:
ఆల్బమ్ నుంచి ఫొటోలు పీకొద్దు. ముందు పేజీ పేజీనీ ఉన్నదున్నట్టు ఫొటో తీయండి, ఏ బొమ్మ పక్కన ఏది ఉందన్నదీ సమాచారమే. తర్వాత మైనం పూయని ఫ్లాస్ దారాన్ని (పళ్ల సందులు శుభ్రం చేసుకునేది) ఒక మూల కింద దూర్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా లాగండి. కదలకపోతే వదిలేసి, పేజీతో సహా స్కాన్ చేయండి. మామూలు సైజుకు 600 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలన్న స్కానర్ లెక్క), స్టాంపు సైజుకు 1200, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచండి.

లామినేషన్ అసలొద్దు! వేడి ఫొటోను పాడుచేస్తుంది, చేశాక వెనక్కి తీయలేం. చిరిగిన ఉత్తరానికి సెల్లో టేపు వేస్తే కొన్నేళ్లకు పసుపు మరక మిగులుతుంది. తుప్పు పట్టిన పిన్నులు తీసేయండి. కవరు పారేయొద్దు: ఉత్తరంలో తేదీ లేకపోతే పోస్టు ముద్రే దిక్కు. ఫొటోలు, ఉత్తరాలు దాచడానికి పీవీసీ ప్లాస్టిక్ తొడుగులు కాకుండా పాలిప్రొపిలీన్‌వి వాడండి. ఫొటో వెనక పేర్లు మెత్తని పెన్సిల్‌తో, అంచున, నొక్కకుండా రాయండి. వెనకవైపు నున్నగా ఉండి పెన్సిల్ అంటకపోతే తొడుగు మీద రాయండి.

పాతపెట్టె:
ఇంట్లో కొందరికి నచ్చని సంగతి చెబితే?

నిదానం:
చెరపకండి. ఎవరు వినొచ్చో, ఎప్పటిదాకా మూసి ఉంచాలో ఆ విడతలోనే వాళ్ల గొంతుతో చెప్పించండి. ఆ భాగం వేరే ఫైలుగా తీసి, పేరులోనే "మూసినది" అని పెట్టండి. మిగతా దాన్ని ఇంట్లోవాళ్లకు ఇవ్వొచ్చు, కానీ ఇచ్చేముందు ఒకసారి ఆ మాటలు చెప్పిన పెద్దవాళ్లకే వినిపించండి.