ఫోన్లో తెలుగు పుస్తకాలు: పీడీఎఫ్‌లో చిన్న అక్షరాలు, ఈపబ్‌లో చెదిరే వత్తులు

ప్రొద్దుటూరు చదువరి:
ఇంట్లో బీరువాలు నిండిపోయాయి, ఇకమీదట ఫోన్లోనే చదువుదామని ఉంది. ఆరున్నర అంగుళాల ఆండ్రాయిడ్ ఫోను. ఆర్కైవ్ డాట్ ఆర్గ్ నుంచి దించిన పీడీఎఫ్‌లు చీమల బారులా కనిపిస్తున్నాయి. పెద్దవి చేస్తే ప్రతి లైనుకూ అటూ ఇటూ జరుపుకోవాలి. వికీసోర్స్ అనే ఉచిత పుస్తకాల సైటులోని ఈపబ్‌లలోనేమో (తెరకు తగ్గట్టు లైన్లు సర్దుకునే ఈ-పుస్తకం ఫైళ్లు) వత్తులు పక్కకు పడుతున్నాయి. రాత్రిపూట కళ్లు మంట. చదవడానికి వేరే ఈ-రీడర్ పరికరం కొనకుండా దారి ఉంటే చెప్పండి.

అనంతపురం పాఠకుడు:
అన్నా, ముందు ఫైలు ఏ రకమో తేల్చుకోండి. పీడీఎఫ్‌లో ఒక మాట మీద వేలు నొక్కిపట్టండి. మాట ఎంపిక కాకపోతే అది స్కాన్, అంటే పేజీ ఫొటో. ఎంపికై, వేరేచోట అతికిస్తే గజిబిజి గుర్తులు వచ్చాయంటే అది చాలావరకు అను ఫాంట్ల వంటి పాత ఫాంట్లలో డీటీపీ చేసింది. ఈ రెంటినీ నేరుగా ఈపబ్‌గా మార్చే యాప్‌ల జోలికి పోవద్దు. లోపల యూనికోడ్ తెలుగే (అన్ని ఫోన్లూ గుర్తించే అక్షరాలు) లేనప్పుడు అవి మార్చేదేముంది?

స్కాన్‌కు లెక్క ఇదీ. డెమ్మీ పుస్తకం వెడల్పు ఐదున్నర అంగుళాలు. మీ ఫోను నిలువుగా పడితే తెర వెడల్పు రెండుముప్పావు కూడా ఉండదు. పేజీ సగానికి కుంచించుకుపోయి 12 పాయింట్ల అక్షరం 6 అవుతుంది. రీడ్ఎరా అనే చదివే యాప్‌లో మార్జిన్లు కత్తిరించే ఆప్షన్ పెట్టి ఫోను అడ్డంగా తిప్పండి. అంచులు పోతే అచ్చు వెడల్పు సుమారు నాలుగుంబావు, అడ్డంగా తెర దాదాపు ఆరు. అక్షరం అచ్చుపుస్తకంలోకన్నా పెద్దదవుతుంది. పేజీకి మూడు నాలుగుసార్లు పైకి జరుపుకుంటే చాలు, పక్కకు జరిపే పని లేదు. స్కాన్ అంచున నల్లమరక ఉంటే ఆటో కత్తిరింపు దాన్నీ అచ్చే అనుకుని వదిలేస్తుంది. అట్లాంటి వాటికి కేఓరీడర్ అనే యాప్ మేలు, హద్దు చేత్తో గీసుకోవచ్చు.

కర్నూలు డీటీపీ:
వత్తుల సంగతి. కొన్ని యాప్‌లకు తెలుగు అక్షరాల కూర్పు రాదు, ఫైలు తప్పు కాదు. కేఓరీడర్‌లో ఫాంట్ కెర్నింగ్ (అక్షరాల కూర్పు సెట్టింగు) 'బెస్ట్' మీద ఉందో లేదో చూడండి, లేకపోతే వత్తు అక్షరం కిందికి చేరదు. మండలి, నోటో సెరిఫ్ తెలుగు అనే తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌ సైటులో ఉచితంగా దొరుకుతాయి, ఆ ఫైలును ఫోన్లో కేఓరీడర్ ఫోల్డరులోని ఫాంట్స్ ఫోల్డరులో వేసుకోండి.

లైన్ల ఎడం ఇంగ్లీషుకు పెట్టినంత పెడితే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. 1.5 దాకా పెంచండి. రెండు వైపులా సమంగా సర్దే జస్టిఫై తీసేసి ఎడమకు పెట్టండి. మన మాటలు పొడుగు, లైనుకు నాలుగైదే పడతాయి. జస్టిఫై ఉంటే మధ్యలో పెద్ద ఖాళీలు వచ్చి చూపు తడబడుతుంది.

కడప నుంచి:
కళ్ల మంటకు ముఖ్య కారణం రెప్ప తక్కువ కొట్టడం. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరం 20 సెకన్లు చూడండి, ఫోను 40 సెంటీమీటర్ల దూరంలో పట్టండి. చీకటి గదిలో చదవొద్దు, లైటు వేసుకుని తెర వెలుగు గదికి తగ్గట్టు పెట్టండి. నల్ల నేపథ్యంలో తెల్ల అక్షరాలు అందరికీ పడవు. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేక చూపు మసకబారే దోషం) ఉన్నవాళ్లకు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి, లేత గోధుమరంగు ప్రయత్నించండి. నలభై దాటి ఉంటే చత్వారం పరీక్ష ముందు.

ఒక్క మాట సార్, పద్యకావ్యాలు మాత్రం అచ్చులోనే ఉంచుకోండి. శార్దూలం పాదానికి 19 అక్షరాలు, చంపకమాలకు 21. నిలువు తెరమీద పాదం రెండు ముక్కలైతే యతిస్థానం కంటికి ఆనదు, కింద ప్రతిపదార్థం ఉంటే మరీ కష్టం. నవలలు, వ్యాసాలు నిశ్చింతగా ఫోన్లోకి మార్చండి.

ప్రొద్దుటూరు చదువరి:
అడ్డంగా తిప్పి మార్జిన్లు తీసేశాక స్కాన్ హాయిగా కనిపిస్తోంది. డీటీపీ అన్నా, స్కాన్‌లోంచి ఒక్క వ్యాసాన్ని అక్షరాలుగా తీయాలంటే?

కర్నూలు డీటీపీ:
ఆ పేజీల ఫొటోలు ఒక్కొక్కటిగా గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటరులో గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద అక్షరాలు వస్తాయి. ప, ష, ఘ తారుమారవుతాయి, పాత అచ్చులో మ, య కూడా. మూలం పక్కన పెట్టుకుని దిద్దుకోవాల్సిందే. వ్యాసానికి సరే, పుస్తకమంతా అంటే చాలా పని. ముందు వికీసోర్స్‌లో ఎవరైనా దిద్ది పెట్టారేమో వెతకండి.