అమెరికాలో ఫార్మసీ టెక్నీషియన్: కౌంటర్ దగ్గర ఎంతవరకు మన పని, ఎక్కడి నుంచి ఫార్మసిస్టు పని?

కౌంటర్_కొత్త:
రిటైల్ ఫార్మసీలో ఫార్మసిస్టుకి సాయంగా పనిచేసే టెక్నీషియన్లకీ (టెక్‌లకీ), సర్టిఫికేషన్ పరీక్షకి చదువుతున్నవాళ్లకీ పనికొస్తుందని అడుగుతున్నాను. చట్టాల పేర్లు, సంవత్సరాలు పుస్తకాల్లో బాగానే ఉన్నాయి. లైన్లో ఆరుగురు నిలబడి ఉన్నప్పుడు ఏం చేయాలో మాత్రం అందులో దొరకదు.

1. షెడ్యూల్ 2 మందు (దుర్వినియోగ ప్రమాదం ఎక్కువని ప్రభుత్వం గట్టిగా నియంత్రించే "కంట్రోల్డ్" మందు) 60 మాత్రలకి ప్రిస్క్రిప్షన్ వచ్చింది. సేఫ్‌లో 40 ఉన్నాయి. మామూలు మందుల్లాగే 40 ఇచ్చి, మిగతా 20 బాకీ పెట్టొచ్చా?
2. పక్కింటాయన వచ్చి ఫలానా ఆవిడ మందులు ఇవ్వమంటే హిపా (పేషెంటు వివరాల గోప్యతా చట్టం) ఒప్పుకుంటుందా?
3. "ఇది తిన్నాక వేసుకోవాలా, తినకముందా?" అని అడిగితే లేబుల్ చూసి టెక్ చెప్పొచ్చా?
4. ఇన్సూరెన్స్ 30 రోజులకే ఒప్పుకుంటుంది. ఇన్సులిన్ పెన్నుల డబ్బా అంతకంటే ఎక్కువ రోజులు వస్తుంది. డేస్ సప్లై (మందు ఎన్ని రోజులు వస్తుందో చెప్పే అంకె) 30 అని కొట్టేస్తే ఏమవుతుంది? అందరూ చేసేదదేనంటారు.

సేఫ్_తాళం:
మొదటి ప్రశ్న వరకు చెప్తాను. ఇది ఫెడరల్ నిబంధన. రాష్ట్రంలో ఇంతకంటే కఠినంగా ఉంటే అదే పాటించాలి.

సరుకు చాలక షెడ్యూల్ 2 మందు కొంతే ఇస్తే, మిగతాది 72 గంటల్లోపు నింపాలి. గడువు దాటితే ఆ 20 మాత్రలూ పోయినట్టే. డాక్టరుకి ఫార్మసిస్టు తెలియజేయాలి, పేషెంటు కొత్త ప్రిస్క్రిప్షన్ తెచ్చుకోవాలి. ఇవి పనిదినాలు కావు, గంటలు. శుక్రవారం సాయంత్రం 5కి 40 ఇస్తే సోమవారం సాయంత్రం 5కల్లా ముగిసిపోతుంది. హోల్‌సేలర్ లారీ శనాదివారాల్లో రాకపోతే, సోమవారం వచ్చే టోట్‌లో (మందుల పెట్టెలో) ఆ మందు ఉంటేనే దారి. మామూలు మందులాగా "బాకీ" జాబితాలో వేసి మరిచిపోతే మంగళవారం మందు చేతికొచ్చినా ఇవ్వలేరు.

అందుకే మాత్రలు లెక్కపెట్టకముందే ఫార్మసిస్టుకి చెప్పాలి. అసలేమీ ఇవ్వని ఎలక్ట్రానిక్ ప్రిస్క్రిప్షన్ అయితే, పేషెంటు అడిగితే వేరే ఫార్మసీకి ఒకసారి బదిలీ చేయొచ్చు. 2023 ఆగస్టు 28 నుంచి డీఈఏ (కంట్రోల్డ్ మందులని నియంత్రించే ఫెడరల్ సంస్థ) దీనికి వీలిచ్చింది, రాష్ట్రం కూడా ఒప్పుకోవాలి. బదిలీ ఇద్దరు ఫార్మసిస్టుల మధ్యే జరగాలి, టెక్ ఫోన్ చేసి ముగించే పని కాదు. కొంత ఇచ్చేశాక ఈ దారి మూసుకుపోతుంది.

పేషెంటే "నాకు 20 చాలు" అన్నా, డాక్టరే కొంచెం కొంచెంగా ఇవ్వమని రాసినా లెక్క వేరు. 2016 నాటి కారా చట్టం ప్రకారం, రాష్ట్రం అడ్డు చెప్పకపోతే, ప్రిస్క్రిప్షన్ రాసిన తేదీ నుంచి 30 రోజుల్లోపు మిగతాది ఇవ్వొచ్చు. రాసిన తేదీ అన్నాను, మొదటిసారి ఇచ్చిన తేదీ కాదు. ఈ రెండు రకాల పార్షియల్‌కి (కొంతే ఇవ్వడానికి) కారణం వేర్వేరుగా నమోదు కావాలి. సరుకు లేక ఇచ్చినదాన్ని "పేషెంటు అడిగారు" అని రాసి 30 రోజులు సంపాదించుకోవడం తప్పుడు రికార్డే. గడువు దగ్గరపడ్డప్పుడు "అలా కొట్టెయ్" అనేవాళ్లు తగులుతారు, జాగ్రత్త.

లేబుల్_చదివేవాడు:
రెండోదానికి అవుననే సమాధానం. బంధువు గానీ, స్నేహితుడు గానీ, పక్కింటాయన గానీ పేషెంటు తరఫున వచ్చి మందు తీసుకెళ్లొచ్చు. మనిషి మందు కోసం వచ్చాడంటేనే పేషెంటు పంపిందని ఫార్మసిస్టు తన విచక్షణతో అనుకోవచ్చని హిపా ప్రైవసీ నిబంధనల్లోనే ఉంది. "హిపా ఒప్పుకోదు" అని వెనక్కి పంపేవాళ్లే ఎక్కువ తప్పు చేస్తున్నారు. కంట్రోల్డ్ మందైతే ఐడీ చూడాలని రాష్ట్రమో కంపెనీయో పెట్టి ఉండొచ్చు, అది వేరే సంగతి.

జాగ్రత్త పడాల్సింది అడిగే పద్ధతిలో. "ఫలానా వీధిలో ఉంటారు, అవునా?" అని మనమే చదివి తలూపించుకోకూడదు. పేషెంటు పూర్తి పేరు, పుట్టినతేదీ లేదా చిరునామా అవతలి మనిషే చెప్పాలి. ఒకే ఇంటిపేరుతో తండ్రీకొడుకుల సంచులు పక్కపక్కన వేలాడుతున్నప్పుడు తప్పు సంచి వెళ్లేది ఇక్కడే. మందు పేరు పైకి చదవొద్దు. "మూడు ఉన్నాయి, మూడూ తీసుకెళ్తారా?" అంటే చాలు.

తప్పు సంచి వెళ్లిపోతే దాన్ని వెనక్కి తెప్పించి ఊరుకుంటే సరిపోదు. వెంటనే ఫార్మసిస్టుకి చెప్పాలి, అక్కడి నుంచి ప్రైవసీ ఆఫీసరుకి వెళ్తుంది. బ్రీచ్ (గోప్యత ఉల్లంఘన) అని తేలితే సాగదీయకుండా, ఎంత ఆలస్యమైనా బయటపడ్డ 60 రోజుల్లోపు, ఎవరి వివరాలు బయటికి పోయాయో వాళ్లకి రాతపూర్వకంగా తెలపాలి. పొరపాటున మాత్ర మింగి ఉంటే అది ప్రైవసీ సమస్య కంటే ముందు ప్రాణం సమస్య.

ఇక మూడోది. లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు చదివి చెప్తే తప్పేం లేదని నా అభిప్రాయం.

వెరిఫై_విండో:
పైనున్న చివరి మాటతో సగమే ఒప్పుకుంటాను. చదవడం వరకు సరే, ఆ తర్వాత వచ్చే ప్రశ్న సంగతేంటి? లెవోథైరాక్సిన్ సీసా మీద "ఖాళీ కడుపుతో" అని ఉంటుంది, చదువుతారు. వెంటనే "ఐరన్ మాత్ర కూడా పొద్దున్నే వేసుకుంటానండీ" అంటుంది పేషెంటు. రెండింటికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలని టెక్‌కి తెలిసే ఉంటుంది. అయినా నోరు మెదపకూడదు, అది కౌన్సెలింగ్ (మందు వాడకంపై సలహా). "ఒక్క నిమిషం, ఫార్మసిస్టు గారు చెప్తారు" అనాలి. తెలిసి కూడా చెప్పకపోవడం మొరటుగా అనిపిస్తుంది గానీ, ఆమె వాడే మిగతా మందులు, కిడ్నీ, గర్భం ఇవన్నీ కలిపి చూసి చెప్పే బాధ్యత, లైసెన్సు ఫార్మసిస్టువి.

కౌన్సెలింగ్ ఇస్తామని అడగడం గురించి కూడా ఒక మాట. 1990 నాటి ఓబ్రా అనే ఫెడరల్ చట్టం దీన్ని మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ప్రభుత్వ బీమా) పేషెంట్లకోసం తెచ్చింది, తర్వాత రాష్ట్రాలు దాదాపు అందరికీ వర్తింపజేశాయి. చాలా రాష్ట్రాల్లో టెక్ అడగొచ్చు. కానీ "ప్రశ్నలేం లేవుగా?" అంటూ సంచి చేతిలో పెట్టడం అడగడం కాదు. "ఇది కొత్త మందు, ఫార్మసిస్టుతో మాట్లాడతారా?" అనాలి. అంతకంటే ఘోరం సంతకం ప్యాడ్ మీద "వద్దు" అన్న బటన్ పేషెంటు బదులు మనమే నొక్కేయడం. ఏదైనా జరిగి కేసు దాకా వెళ్తే, ముందు తీసేది ఆ రికార్డునే.

స్క్రీన్ మీద వచ్చే ఇంటరాక్షన్ (మందులు ఒకదానితో ఒకటి పొసగవన్న) హెచ్చరిక కూడా ఇంతే. ఎంత మామూలుదైనా టెక్ దాటేయకూడదు.

క్లెయిమ్_లెక్క:
నాలుగోది ఎవరూ ముట్టుకోలేదు. అంకెలతోనే చూద్దాం.

డబ్బాలో 3 మి.లీ. పెన్నులు ఐదు, యూ-100 ఇన్సులిన్ (మి.లీ.కి 100 యూనిట్లు). అంటే పెన్నుకి 300 యూనిట్లు, డబ్బాకి 1500. రోజుకి ఒకసారి 20 యూనిట్లు. ప్రతిసారీ గాలి తీయడానికి (ప్రైమింగు) 2 యూనిట్లు కలుపుకుంటే రోజుకి 22. 1500ని 22తో భాగిస్తే 68 రోజులు. కొట్టాల్సింది 68.

డోసు తక్కువైతే ఇంకో మెలిక ఉంది. రోజుకి 5 యూనిట్లే అనుకోండి, ప్రైమింగుతో 7. లెక్కప్రకారం పెన్ను 42 రోజులు రావాలి. కానీ గ్లార్జిన్ అనే ఇన్సులిన్ పెన్ను తెరిచాక 28 రోజులకి పారేయాలి. కాబట్టి పెన్నుకి 28 చొప్పున డబ్బా 140 రోజులు. 214 కాదు.

30 అని కొడితే ఆ క్షణానికి క్లెయిమ్ పాసవుతుంది. నెల తిరిగేసరికి సిస్టమ్ మళ్లీ రీఫిల్‌కి ఒప్పుకుంటుంది, పేషెంటు ఫ్రిజ్‌లో డబ్బాలు పేరుకుంటాయి. ఆడిట్‌లో సిగ్ (డాక్టరు రాసిన వాడే విధానం) చూసి ఇదే లెక్క వేస్తారు, కట్టిన డబ్బు వెనక్కి లాక్కుంటారు. ప్రభుత్వ బీమాలైన మెడికేర్, మెడికెయిడ్ క్లెయిమ్ అయితే తెలిసి తప్పుడు అంకె పంపడం ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కిందికి వస్తుంది. అందరూ చేస్తారన్నది అక్కడ జవాబు కాదు.

సరైన పద్ధతి: 68 కొట్టండి. పరిమితి దాటిందని తిరస్కరిస్తే, విడదీయలేని కనీస ప్యాకేజీ అని చెప్పి ఓవర్‌రైడ్ (పరిమితి సడలింపు) అడగాలి. కొన్ని ప్లాన్లకి అందుకు కోడ్ ఉంటుంది, కొన్నిటికి ఫోన్ చేయాలి. సీలు విప్పకుండానే ఇవ్వాలని డబ్బా మీద ముద్రించి ఉంటే పెన్నులు విడిగా ఇచ్చే ఆలోచన వద్దు.

కౌంటర్_కొత్త:
అందరికీ ధన్యవాదాలండీ. మొదటిదాని మీద ఇంకో చిన్న ప్రశ్న. అదే షెడ్యూల్ 2 మందు ఇచ్చాక సిస్టమ్‌లో 12 ఉండాలి, సేఫ్‌లో 10 ఉన్నాయి. సరిచేయడం ఎవరి పని?

సేఫ్_తాళం:
టెక్ మాత్రం ఆ అంకె ముట్టుకోకూడదు. ముందు ఫార్మసిస్టు సమక్షంలో మళ్లీ లెక్కపెట్టాలి. ఆ రోజు ఇచ్చిన ప్రిస్క్రిప్షన్లు, వచ్చిన ఇన్వాయిస్, రిటర్న్ చేసినవి అన్నీ పక్కన పెట్టుకుని చూడాలి. 60కి బదులు 62 వెళ్లి ఉండొచ్చు. లెక్కపెట్టే ట్రే మూలలో మాత్ర ఇరుక్కుని ఉండొచ్చు. సీల్డ్ సీసాలో నిండుగా ఉంటాయని అనుకుని లెక్కించకపోయి ఉండొచ్చు.

ఏదీ తేలకపోతే అది దొంగతనమా, లెక్కకి తీసుకోవాల్సినంత నష్టమా అన్నది ఫార్మసిస్టు ఇన్ చార్జ్ తేలుస్తారు. అవునంటే, బయటపడ్డ ఒక పనిదినంలోపు డీఈఏ ఫీల్డ్ ఆఫీసుకి రాతపూర్వకంగా చెప్పాలి, ఫారం 106 (దొంగతనం, నష్టం నివేదిక) ఆన్‌లైన్‌లో 45 రోజుల్లోపు పూర్తిచేయాలి. రాష్ట్ర ఫార్మసీ బోర్డుకి విడిగా చెప్పాల్సి ఉంటుందేమో కూడా చూసుకోవాలి. అనుమానం ఫార్మసిస్టు మీదే అయితే ఆ మనిషికే చెప్పి ఊరుకోవద్దు, కంపెనీ లాస్ ప్రివెన్షన్‌కి (దొంగతనాలు, నష్టాలు చూసే విభాగానికి) గానీ, బోర్డుకి గానీ నేరుగా వెళ్లొచ్చు. తేదీ, సమయం, ఎన్ని ఉండాలి, ఎన్ని ఉన్నాయి, ఇంతవరకే రాసివ్వండి. ఎవరు తీసి ఉంటారో ఊహించి రాయొద్దు.