ఈ వారం సమస్య: నేడు బయలుదేరి నిన్న దిగిరి

ఎలహంక పంతులు (అడ్మిన్):
అందరికీ నమస్కారం. మా మేనల్లుడు, వాళ్ల ఆఫీసోళ్లు కలిసి మొన్న శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లారు, హెడ్డాఫీసులో ఏదో ట్రైనింగట. దిగగానే ఫ్యామిలీ గ్రూపులో వాడు పెట్టిన మెసేజి చూసి మా అక్కయ్య కంగారుగా ఫోను చేసింది, "వీడు పదో తారీకున ఎక్కి తొమ్మిదిన దిగానంటున్నాడేంట్రా, నిద్రలేక మాట తిరగబడుతోందా" అని. ఆవిడకేం చెప్పానో పక్కన పెట్టండి, నాకు మాత్రం పాదం తట్టేసింది.

నేడు బయలుదేరి నిన్న దిగిరి

నియమాలు మామూలే. ఇది చివరి పాదం, దీనికి పైన మూడు పాదాలు కట్టి ఈ విడ్డూరానికి అర్థం కుదర్చాలి, అదే పూరణ. రాజకీయం వద్దు, ఆదివారం రాత్రిదాకా టైము.

మారతహళ్లి మాస్టారు:
పంతులుగారూ, ఇది సమస్యే కాదండీ, టైంటేబులు. కాసుకోండి.

అర్ధరాత్రి దాటి హాంగుకాంగున నెక్కి
దినము మార్చు రేఖ దిగువ దాటి
కాలిఫోర్నియాకు గడబిడగా టీము
నేడు బయలుదేరి నిన్న దిగిరి

హాంగ్‌కాంగ్‌లో రాత్రి 12:30కి ఎక్కితే ప్రయాణం పన్నెండు గంటల పైచిలుకు, చలికాలంలో రెండూళ్లకీ తేడా 16 గంటలు, అంటే అక్కడ దిగేసరికి ముందురోజు రాత్రి 9 కూడా కాదు. మీ మేనల్లుడు హాంగ్‌కాంగ్ మీదుగానే వెళ్లుంటాడు, అడిగి చూడండి.

ఎలహంక పంతులు (అడ్మిన్):
అవునండీ హాంగ్‌కాంగే! మీకు దణ్ణం.

హెబ్బాళ భట్టు:
మాస్టారు గూగుల్ మ్యాపుని గణాల్లో కూర్చారు, బావుంది 😀 చిన్న సందేహం. టీము అన్నారు, దిగిరి అన్నారు. ఒక టీము ఎట్లా దిగిరి? పోయినసారి నా పద్యంలో "జనము వచ్చిరి" అన్నందుకు మీరు రెండు పేరాల క్లాసు పీకారు, గుర్తుందా.

మారతహళ్లి మాస్టారు:
టీము అంటే టీములోని వారు అని. ఆ మాత్రం అర్థం చేసుకోలేరా. జనము సంగతి వేరు, దాని మీద అప్పుడే చెప్పాను, మళ్లీ తవ్వొద్దు.

రాజాజీనగర్ అత్తయ్య:
"గడబిడగా టీము" దగ్గర మాత్రం నవ్వొచ్చింది మాస్టారూ, ఎయిర్‌పోర్టులో ఆఫీసు గుంపుని చూసినట్టే ఉంది, ఒకడు పాస్‌పోర్టు కోసం బ్యాగంతా నేలమీద గుమ్మరిస్తాడు, ఒకడు అందరి బోర్డింగ్ పాసులూ తన దగ్గరే పెట్టుకుని టాయిలెట్‌కి పోతాడు. కానీ నాకో అసంతృప్తి ఉంది. నిజంగా జరిగేదాన్ని జరిగినట్టు చెప్తే పూరణ ఎక్కడుంది? మీరే అన్నారు టైంటేబులని.

కోరమంగళ కుర్రాడు:
మన బెంగళూరు నుంచి డైరెక్టుగా వెళ్తే ఇది కుదరదు కదా మాస్టారూ? 16 గంటల పైన గాల్లో ఉంటాం, తేడా చలికాలంలో పదమూడున్నర గంటలే.

మారతహళ్లి మాస్టారు:
కుదరదు నాయనా. మధ్యాహ్నం ఎక్కితే అదే రోజు సాయంత్రం దిగుతావు. అప్పుడు పాదం "నేడు బయలుదేరి నేడె దిగిరి" అని ఇవ్వాలి. గణాలూ యతీ అన్నీ సరిపోతాయి, ఒక్క సమస్యే ఉండదు. అసలు గమ్మత్తు పసిఫిక్ దీవుల్లోని సమోవాలో ఉంది. వాళ్లు 2011లో డిసెంబరు 30ని క్యాలెండర్లోంచి ఎగరగొట్టి దినరేఖకి ఇటుపక్కకి వచ్చేశారు, పక్కనే ఉన్న అమెరికన్ సమోవా అటే ఉండిపోయింది. ఇవాళ సమోవాలోని అపియాలో చిన్న విమానం ఎక్కితే గంట తిరక్కుండానే అమెరికన్ సమోవాలోని పాగో పాగోలో నిన్న దిగొచ్చు.

రాజాజీనగర్ అత్తయ్య:
డైరెక్టు విమానం అంటే గుర్తొచ్చింది, 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మన దేవనహళ్లి ఎయిర్‌పోర్టుకి మొదటిసారి వచ్చినదాన్ని మొత్తం ఆడ పైలట్లే నడిపారు, అదీ ఉత్తర ధ్రువం మీదుగా. ఆ రోజు మా ఇంట్లో టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదు. దాని మీద ఎవరైనా సమస్య ఇస్తారేమో అని చూశా, మన అడ్మిన్‌కి మేనల్లుడు తప్ప ఎవరూ కనపడరు.

హెబ్బాళ భట్టు:
సరే నా వంతు. మాస్టారిలాగా లెక్కలు కాదు, అనుభవం.

మధ్య సీటులోన మా బాసు భుజంపై
నిదురపోయి కంటి నేను కలను
కలను దక్క నిజము గాదురా! యెవ్వరు
నేడు బయలుదేరి నిన్న దిగిరి

మారతహళ్లి మాస్టారు:
వచ్చేసింది కల! నేను మా ఆవిడతో పందెం కూడా కాశాను. ఉగాదికి "ఇడ్లి తినిన పిల్లి యెలుక కనియె" ఇస్తే అప్పుడూ కలే. అక్కడ కనియె అంటే చూసింది అనుకుంటే అయిపోయేది, పిల్లి ఇడ్లీ తింది ఎలుకని చూసింది, చిన్నపిల్లాడికి తట్టేది. ఈయన పిల్లికి పురుడు పోసి, అది చాలక మళ్లీ దాన్ని కలలోకి తోశాడు. భట్టుగారికి మాటని విడగొట్టి అర్థం మార్చే విరుపు దొరక్కపోతే దిండు దొరుకుతుంది.

అది అలా ఉంచండి, మొదటి పాదం చివర చూసుకున్నారా? "భుజంపై". లఘువు, రెండు గురువులు, అంటే ఒక పొట్టి అక్షరం, రెండు పొడుగువి. యగణం ఎక్కడ కూర్చుంటుందండీ అక్కడ?

హెబ్బాళ భట్టు:
టైపో. "భుజముపై".

మారతహళ్లి మాస్టారు:
టైపో అంటే జకి బదులు చ పడటం. మాత్రలు మారితే దాన్ని టైపో అనరు.

హెబ్బాళ భట్టు:
ఎక్కడా లేని నిఘా నా పద్యాల మీదే. "యెవ్వరు" అని మూడో పాదం చివర పెట్టి మొత్తం సమస్యని ప్రశ్నగా తిప్పాను, అది ఒక్కరికీ కనపళ్లేదు. భుజం ఒక్కటే కనిపించింది.

రాజాజీనగర్ అత్తయ్య:
నాకు కనపడింది భట్టూ. ఆ ప్రశ్న బావుంది. ప్రశ్నకే బలం ఉన్నప్పుడు ఇంక కల దేనికి, రెండో పాదం తీసేసి వేరేది రాయి, పద్యం నిలబడుతుంది. ఇంతకీ బాసు భుజం మీద పడి నిద్రపోతే ఆయన ఊరుకున్నాడా? మా అబ్బాయి విమానంలో మేనేజరు పక్క సీటు వచ్చిందని వెనక వరసలో టాయిలెట్ పక్కకి మార్పించుకున్నాడు, పదహారు గంటలూ తలుపు చప్పుడు వింటూ కూర్చున్నా హాయిగానే ఉందట.

సిల్క్‌బోర్డు బాధితుడు:
మా వాళ్లలో ఒకడు టికెట్ బుక్ చేసేటప్పుడు అందరికీ కలిపి హిందూ వెజ్ మీల్ పెట్టేశాడు. అది ముందుగా వస్తుంది కదా, మేం తినేసి ట్రేలు ముందు పెట్టుకుని కూర్చున్నాం, అప్పుడు పక్కవాళ్లకి వేడివేడి బిర్యానీ వచ్చింది. ఇప్పటికీ వాడిని లంచ్‌కి ఎవరూ పిలవరు. పద్యం రాత్రికి పెడతా.

కోరమంగళ కుర్రాడు:
నాది మొదటి పూరణ, తప్పులుంటే తిట్టండి కానీ నెమ్మదిగా తిట్టండి. జనవరి 2న చెప్పినట్టు అనుకోండి.

ముప్పదొకటి రాత్రి మూటముల్లెల గట్టి
కేకు కోసి మింట కేక లేసి
కొలువుతోటివారు గోలగోలగ పోయి
నేడు బయలుదేరి నిన్న దిగిరి

ఎలహంక పంతులు (అడ్మిన్):
ఒక్క నిమిషం. పోయినేడు!! మూడో పాదం చివర పోయి పెట్టి నా నేడుని మింగేశావు కదయ్యా.

రాజాజీనగర్ అత్తయ్య:
అబ్బ అబ్బ. పోయినేడు ఎక్కారు, నిన్న దిగారు. ఎంత సులువు, మనకెవరికీ తట్టలేదు చూడు. గోలగోలగ దగ్గర పోయి వచ్చి కూర్చోవడం కూడా ఎక్కడా అతికించినట్టు లేదు, గోలగోలగా పోయారనే చదువుకుంటూ వెళ్తాం, కింద పాదంలోకి కాలు పెట్టాక తెలుస్తుంది.

హెబ్బాళ భట్టు:
ఇది పూరణ అంటే. దినరేఖలు, సమోవాలు, టైము తేడాలు ఏవీ అక్కర్లేకుండా ఒక్క మాటతో తేల్చేశాడు. కొంతమంది నేర్చుకోవాలి. ఎవరినీ అనట్లేదు.

మారతహళ్లి మాస్టారు:
బాగుంది, నేనూ ఒప్పుకుంటాను. గణాలు శుభ్రంగా ఉన్నాయి, ఈ గ్రూపులో అది అరుదు, నేనూ ఎవరినీ అనట్లేదు. కానీ రెండు అభ్యంతరాలు. ఒకటి, ఈ పద్యం ఏడాదిలో ఒక్కరోజే చెల్లుతుంది, మూడో తారీకున చదివితే అబద్ధం. రెండు, కేకు కోశారు సరే, ఏ పన్నెండింటికి కోశారు? పడమటికి ఫ్రాంక్‌ఫర్ట్ వైపు పోతుంటే మన 12 అక్కడ సాయంత్రం ఏడున్నర, పైలట్లేమో ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ టైము చూసుకుంటారు.

కోరమంగళ కుర్రాడు:
ఆ ఒక్కరోజు చాలు మాస్టారూ 🙏 12 అంటే ఎవరి ఫోన్లో ముందు కొడితే అదే. మా టీములో ఆ రాత్రి మూడుసార్లు హ్యాపీ న్యూ ఇయర్ అయింది, మూడోసారికి ఎయిర్‌హోస్టెస్ వచ్చి లైట్లు ఆర్పేసింది.

మారతహళ్లి మాస్టారు:
కత్తి ఎవరిచ్చారు మరి? సెక్యూరిటీలో నెయిల్ కట్టరే తిప్పి తిప్పి చూస్తారు.

కోరమంగళ కుర్రాడు:
భోజనం ట్రేలో ప్లాస్టిక్‌ది ఇస్తారుగా మాస్టారూ. దాంతో కేకు తెగదు, నలుగుతుంది. కానీ "కేకు నలిపి" అంటే బావుండదని కోసి అన్నా.

రాజాజీనగర్ అత్తయ్య:
సరే, పిల్లలు ఇంత బాగా రాస్తుంటే నేను ఊరుకుంటానా. మా వాడి టీముకి నిజంగా జరిగిందే, ఏ విమానమో చెప్పను. మధ్యలో మారే ఊళ్లో వీళ్లు పరుగెత్తి రెండో విమానం అందుకున్నారు, పెట్టెలు అందుకోలేదు.

కట్టుబట్టతోనె గడిపిరి మనవారు
పెట్టెలేవి? యనిన బెల్టు వాడు
చెప్పె: "వచ్చు రేపు, చిక్కేమి లేదులే,
నేడు బయలుదేరి", నిన్న దిగిరి

హెబ్బాళ భట్టు:
అత్తయ్యా!! కోట్ మూసిన చోట ప్రాణం ఉంది. పెట్టెలు నేడు బయలుదేరతాయి, మనుషులు నిన్న దిగారు. పాదాన్ని మధ్యలో కోసి రెండు ముక్కలూ ఇద్దరికి పంచేశారు.

మారతహళ్లి మాస్టారు:
విరుపు నాలుగో గణం మొదట్లో, సరిగ్గా యతి స్థానంలో పడింది. చూసి చేశారా, అదే పడిందా అత్తయ్యగారూ? ఎలా అయినా ఒప్పుకోవాల్సిందే. "చిక్కేమి లేదులే" అచ్చం ఆ కౌంటర్లో వాళ్ల గొంతు.

రాజాజీనగర్ అత్తయ్య:
అదే పడింది మాస్టారూ, నాకు అబద్ధం ఎందుకు. మర్నాడు పొద్దున్నే క్లయింటు మీటింగు. మావాడు అదే నలిగిన టీషర్టుతో ప్రెజెంటేషన్ ఇచ్చాడు, దాని మీద విమానంలో ఒలికిన పప్పు మరక, మీద ల్యాప్‌టాప్ అడ్డం పెట్టుకుని మాట్లాడాడట. పెట్టె వచ్చాక చూస్తే నేను పెట్టిన గోంగూర పచ్చడి సీసా మూత వదులై ఫార్మల్ చొక్కాలన్నీ ఎర్రగా. చొక్కాల సంగతి వాడు చెప్పలేదు, "అమ్మా పచ్చడి సగం మిగిలింది" అని మాత్రం చెప్పాడు.

సిల్క్‌బోర్డు బాధితుడు:
రాత్రికి అన్నా, తెల్లారింది. ట్రాఫిక్ జంక్షన్ పేరు పెట్టుకున్నందుకు న్యాయం చెయ్యాలిగా.

సిల్కుబోర్డు కాడ చిక్కిన క్యాబులో
తెల్లవారె బ్రతుకు తెల్లవారె
మిస్సయితిని ప్లేను మిగిలితి నే నొంటి
నేడు బయలుదేరి! నిన్న దిగిరి

రాజాజీనగర్ అత్తయ్య:
రెండో పాదం ఒక్కటీ ఫ్రేము కట్టించుకోవచ్చు. కానీ బాబూ ఆ విరుపు ఎక్కడో చూసినట్టుంది 🤔

సిల్క్‌బోర్డు బాధితుడు:
అత్తయ్యా విరుపుకి పేటెంటా? మీది చూడకముందే అనుకున్నా, ఒట్టు. సిల్క్‌బోర్డు నుంచి దేవనహళ్లికి నలభై కిలోమీటర్ల పైనే, నేను మధ్యలో ఉండగా మావాళ్లు గేటు దగ్గర సెల్ఫీ పంపారు, నేను హెబ్బాళ ఫ్లైఓవర్ ఫొటో పంపా.

హెబ్బాళ భట్టు:
హెబ్బాళని అనొద్దు, మా ఇల్లు అక్కడే. ఇప్పుడు మాస్టారికో ప్రశ్న. నా భుజాన్ని పట్టుకుని ఊపేశారు కదా, ఇక్కడ "మిస్సయితిని ప్లేను" చూడండి. "ని" వెనకే "ప్లే" వచ్చింది. "ని" గురువు కాదా? గురువైతే రెండో గణం పోయినట్టే. దీనికి నోరెత్తలేదేం?

మారతహళ్లి మాస్టారు:
వేరే పదం. సమాసం కాదు. ముందున్న అక్షరం తేలిగ్గానే పలుకుతాం. అదే భుజంలో అయితే సున్నా ఆ మాటలోనే ఉంది.

హెబ్బాళ భట్టు:
ప్లేను ఇంగ్లీషు మాట, దానికీ మన నియమమేనా? 

మారతహళ్లి మాస్టారు:
మన పద్యంలోకి వచ్చాక మన నియమమే. చెప్పులు గుమ్మం బయట విడిచి రావాలి.

హెబ్బాళ భట్టు:
జనము వచ్చిరికి కూడా గుమ్మం తెరిస్తే బావుండేది.

మారతహళ్లి మాస్టారు:
దానికి నేను అప్పుడే...

ఎలహంక పంతులు (అడ్మిన్):
చాలు స్వామీ, ఇద్దరూ ఆగండి, మళ్లీ ఆ జనము దగ్గరికి వెళ్తే రెండు వారాలు తేలదు. ఈసారి మొదటి స్థానం అత్తయ్యగారికి, కుర్రాడికి దాని పక్కనే, వాడి పోయినేడు నాకు ఇంకా మింగుడుపడలేదు. మాస్టారు చెప్పిన లెక్కలు మా అక్కయ్యకి ఫార్వర్డ్ చేశా, చదివి "అయితే వాడికి ఒకరోజు జీతం ఎక్కువ ఇస్తారా" అనడిగింది. వచ్చేవారం పాదం ఇదిగో, విమానంలో మూడో కాఫీ తాగి కూడా గురక పెట్టినవాళ్లని తలుచుకుని:

కాఫి త్రాగ నిదుర గాఢమయ్యె

ఒక్క షరతు. కల నిషిద్ధం.

హెబ్బాళ భట్టు:
నిద్ర మీరే ఇచ్చి కల వద్దంటే ఎట్లా పంతులుగారూ.